వియన్నా నుంచి షేర్‌వుడ్ అడవికి

చలనచిత్రంలోని పాటను జ్ఞాపకం పెట్టుకొన్నంతగా అందలి నేపథ్యసంగీతాన్ని జ్ఞాపకం పెట్టుకొనేవారు అరుదు. పాటకు మాట ఉన్నది, మాటకు అర్థమున్నది, ఆ అర్థాన్ని పట్టుకొని స్వరం మనస్సులో నిలుస్తుంది. నేపథ్యసంగీతానికి ఆ ఊతం లేదు. బొమ్మ మీద చూపు ఉన్నంతసేపూ అది చెవిని పడుతూనే ఉంటుంది గాని, విన్నామన్న ఎరుక మనకుండదు. రేడియోలో విన్నప్పుడు మాత్రం ఈ సంగీతానికి గట్టి పరీక్ష జరుగుతుంది. అక్కడ బొమ్మ లేదు. కత్తులు కనబడవు, గుర్రాలు కనబడవు, నాయిక కన్నులూ కనబడవు. అవి లేకుండ నిలువగలిగినదే సంగీతం, తక్కినది చప్పుడు.

ఈ పరీక్షకు నిలిచిన రచనలలో ఒకటి, 1938లో అమెరికాలోని వార్నర్ బ్రదర్స్ సంస్థవారు నిర్మించిన 'ది అడ్వెంచర్స్ ఆఫ్ రాబిన్ హుడ్' చిత్రానికి ఎరిక్ వోల్ఫ్‌గాంగ్ కోర్న్‌గోల్డ్ కూర్చిన వాద్యసంగీతం. అది ఉల్లాసానికి పెట్టింది పేరు. ట్రంపెట్లు పిలుస్తాయి, వయొలిన్లు పరుగెత్తుతాయి, విల్లు చేతబట్టిన దొంగలు నవ్వుతూ కొమ్మల మీదినుంచి దూకుతారు. అయితే ఇంత ఉల్లాసంగా ధ్వనించే ఆ సంగీతం పుట్టిన వారాలు దానిని పుట్టించినవాని జీవితంలో అత్యంత భయంకరమైన వారాలు. ఆ కథ తెలియకుండ కూడ ఆ సంగీతాన్ని ఆనందించవచ్చును. తెలిసి విన్నవారికి అది మరొక విధంగా వినబడుతుంది.

కోర్న్‌గోల్డ్ 1897లో ఆస్ట్రియా సామ్రాజ్యంలోని బ్ర్యూన్ నగరంలో జన్మించినాడు. ఆ ఊరిని నేడు బ్రనో అంటారు. తండ్రి జూలియస్ కోర్న్‌గోల్డ్ వియన్నాలో 'నోయె ఫ్రయె ప్రెస్సె' పత్రికకు సంగీతవిమర్శకుడు. హాన్స్‌లిక్ అంతటివాని ఆసనాన్ని అధిష్ఠించినవాడు. కుమారునికి మోట్సార్ట్ పేరులోని వోల్ఫ్‌గాంగ్‌ను కలిపి పెట్టుకొన్న తండ్రి ఆశ వృథా కాలేదు. తొమ్మిదేండ్ల ప్రాయంలో ఈ బాలుడు స్వయంగా రచించినదానిని వాయించగా విని గుస్తావ్ మాలర్ 'మేధావి' అని ప్రకటించినాడు. జెమ్లిన్‌స్కీ దగ్గర చదివించుమని సలహా ఇచ్చినవాడూ ఆయనే. 1910లో, ఈ పిల్లవానికి పదమూడేండ్లు నిండిన సంవత్సరంలో, అతని నృత్యనాటకం 'మంచు మనిషి' వియన్నా రాజాస్థాన నాటకశాలలో ప్రదర్శింపబడినది. ఇరువదిమూడేండ్ల వయస్సున 'మృతనగరం' అనే సంగీతనాటకాన్ని రచించగా, 1920 డిసెంబరు 4న హాంబర్గులోను కొలోనులోను ఒకేరోజున దాని తొలి ప్రదర్శనలు జరిగినవి. రెండు నగరాలు ఒక యువకుని నాటకంకోసం పోటీపడినవంటే అతని కీర్తి ఎంతటిదో ఊహించుకోవచ్చును.

బాలమేధావుల గతి మనకు తెలిసినదే. చిన్ననాడు లభించిన ప్రశంసకు పెద్దయిన తరువాత వడ్డీ కట్టవలసి వస్తుంది. పైగా కాలం మారిపోయినది. షోన్‌బెర్గు శిష్యులు శ్రుతిబంధాన్నే త్రెంచివేసి కొత్త భాష మాట్లాడుతున్నారు. కోర్న్‌గోల్డ్ మాత్రం తాను పుట్టిన పందొమ్మిదో శతాబ్దపు భావప్రధాన సంప్రదాయాన్ని వదలలేదు. పెద్ద వాద్యబృందం, దీర్ఘమైన రాగప్రవాహం, ఒక శ్రుతినుండి మరొక శ్రుతిలోకి వెన్నలో కత్తివలె జారిపోయే నేర్పు, ఇవి అతని సొత్తు. మన సాహిత్యంలో భావకవిత్వానికి వెనుక అభ్యుదయ కవిత్వం వచ్చినప్పుడు భావకవులను గూర్చి ఎట్లా మాట్లాడుకొన్నారో, 1930 నాటికి వియన్నాలో కోర్న్‌గోల్డ్‌ను గూర్చి అట్లే మాట్లాడుకోసాగినారు.

అతనిని సినిమాకు తీసుకొనిపోయినవాడు నాటకరంగంలో మహామహుడైన మాక్స్ రైన్‌హార్ట్. హిట్లరు అధికారానికి రాగా జర్మనీని విడిచిన రైన్‌హార్ట్, షేక్‌స్పియర్ 'మిడ్‌సమ్మర్ నైట్స్ డ్రీమ్'ను హాలీవుడ్‌లో చిత్రంగా తీయుటకు పూనుకొని, మెండెల్‌సన్ సంగీతాన్ని దానికి అనువుగా కూర్చుమని 1934లో కోర్న్‌గోల్డ్‌ను పిలిపించినాడు. అప్పటి ఒక ముచ్చట చెబుతారు. అడుగు పొడవు ఫిల్ము తెరమీద ఎంతసేపు నడుస్తుందని కోర్న్‌గోల్డ్ అడిగినాడట. సెకనులో మూడింట రెండు వంతులని ఎవరో లెక్కకట్టి చెప్పినారు. "అంటే మెండెల్‌సన్ స్కెర్ట్సోలోని మొదటి రెండు గతులంత" అని తక్షణమే అతడు బదులు చెప్పినాడట. లెక్కను లయగా వినగలిగిన ఆ చెవి తరువాత ఎంతో ఉపకరించినది. హాలీవుడ్‌లో తక్కినవారు బొమ్మకూ వాద్యానికీ పొత్తు కుదుర్చుటకు చెవిలో టిక్కుటిక్కుమనే యంత్రసాయం పెట్టుకొనేవారు. అతడు దానిని ముట్టలేదు. చిత్రశాలలో చీకటిగదిలో పియానో ముందు కూర్చుండి, రీలు తరువాత రీలు వేయించుకొని, చూస్తూ వాయించుకొంటూ రచించేవాడు. పిదప తానే బృందం ముందు నిలిచి నడిపించేవాడు.

'కాప్టెన్ బ్లడ్' 1935లో వచ్చినది. 1936లో 'ఆంథొనీ అడ్వర్స్' వచ్చినది. ఈ రెండవదానికి ఆస్కార్ బహుమానం లభించినా, అప్పటి నియమం ప్రకారం అది స్వరకర్తకు గాక స్టూడియో సంగీతశాఖాధిపతియైన లియో ఫోర్బ్‌స్టైన్‌కు పోయినది. రచించినవాడొకడు, అందుకొన్నవాడొకడు. ఈ ఫోర్బ్‌స్టైన్ మన కథలో మళ్ళీ రావలసి ఉన్నది.

1938 జనవరిలో కోర్న్‌గోల్డ్ వియన్నాలో ఉన్నాడు. అతని కొత్త సంగీతనాటకం 'డీ కాట్రిన్' అక్కడి నాటకశాలలో ప్రదర్శింపబడవలసి ఉండి వాయిదాపడినది. ఆ సమయంలో హాలీవుడ్ నుంచి తంతి వచ్చినది: రాబిన్ హుడ్ చిత్రం సిద్ధమవుతున్నది, వెంటనే రావలెను. భార్య లూజీని, చిన్న కుమారుని వెంటబెట్టుకొని అతడు ఓడ ఎక్కినాడు. పెద్ద కుమారుడు తాత, అవ్వలతో వియన్నాలోనే ఉండిపోయినాడు.

తీరా వచ్చి చిత్రం చూచినాడు, హడలిపోయినాడు. చిత్రంలో అధికభాగం పోట్లాటలు, పరుగులు, బాణాలు. తాను హృదయానికి, ఆవేశాలకు, మనస్తత్వానికి సంగీతం కూర్చేవాడనని, పోరాటాలకు బొమ్మలు గీసేవాడను కానని, ఈ పని తనది కాదని నిర్మాత హాల్ వాలిస్‌కు ఉత్తరం వ్రాసినాడు. ఇది ఫిబ్రవరి మాట. ఆ నెల 12న ఆస్ట్రియా ప్రధాని షూష్‌నిగ్‌ను హిట్లరు బెర్హ్‌టెస్‌గాడెన్‌కు పిలిపించుకొని బెదిరించినాడు. ఆస్ట్రియా స్వాతంత్ర్యం వారాల వ్యవధిలోకి వచ్చినదని అర్థం చేసుకొనగలవారు అర్థం చేసుకొన్నారు. కోర్న్‌గోల్డ్ యూదుడు. ఆ సమయంలోనే ఫోర్బ్‌స్టైన్ అతని యింటికి వచ్చి బతిమాలినాడు. వారంవారం ఒడంబడిక మీద, ఇష్టం లేకపోతే ఏ వారంలోనైనా మానుకొనే స్వేచ్ఛతో, అతడు ఒప్పుకొన్నాడు. మార్చి 12న జర్మను సేనలు ఆస్ట్రియాలో ప్రవేశించినవి. మరునాడు ఆ దేశం పటంలోనుంచి తుడిచివేయబడినది. వియన్నాలోని కోర్న్‌గోల్డ్ ఇల్లు జప్తయినది. ముసలి తల్లిదండ్రులు, పెద్ద కుమారుడు సకాలంలో బయటపడి అమెరికా చేరగలిగినారు. ఆ తంతి జనవరిలో గాక ఏప్రిల్‌లో వచ్చి ఉంటే, లేదా ఆ ఉత్తరంతోనే అతడు తిరిగి పోయి ఉంటే, ఏమయ్యేదో చెప్పుటకు జ్యోతిషం అక్కరలేదు. రాబిన్ హుడ్ తన ప్రాణం కాపాడినాడని అతడు పిమ్మట అంటూ ఉండేవాడు.

ఇక్కడ చరిత్ర ఒక చిత్రమైన చమత్కారం చేసినది. చిత్రకథకు మూలం ఏమిటి? మూడవ క్రూసేడు నుంచి మరలివస్తున్న ఇంగ్లండు రాజు సింహహృదయ రిచర్డు శత్రువు చేత చిక్కినాడు. తమ్ముడు జాన్ రాజ్యాన్ని కబళించచూస్తున్నాడు. ఆ రాజును పట్టుకొన్నది ఎవరు? ఆస్ట్రియా పాలకుడు లియొపోల్డు. చిత్రం మొదట్లోనే వియన్నా నుంచి దుర్వార్త వచ్చినదని పాత్రలు చెప్పుకొంటాయి. చరిత్రలో ఇది 1192 డిసెంబరులో జరిగినది. వియన్నా సమీపంలో పట్టుపడిన రిచర్డును డాన్యూబు నది ఒడ్డున డ్యూర్న్‌స్టైన్ కోటలో బంధించినారు. లక్షయేబదివేల మార్కుల వెండి విడుదల వెలగా అడిగినారు. 1194 ఫిబ్రవరిలో గాని అతడు బయటపడలేదు. వియన్నా నుంచి చెడువార్త కోసం ఎదురుచూచే ఇంగ్లండు ప్రజల కథకు, వియన్నా నుంచి చెడువార్త కోసం ప్రతి సాయంకాలం రేడియో ముందు చెవియొగ్గే ఒక వియన్నావాసి సంగీతం కూర్చుతున్నాడన్న మాట. ఇటువంటి కాకతాళీయం నాటకకర్త కల్పిస్తే మనం నమ్మము.

ఇక సంగీతం మాట. వాగ్నరు కాలం నుంచి జర్మనులకు ఒక పద్ధతి ఉన్నది. పాత్రకు గాని, భావానికి గాని, వస్తువుకు గాని ఒక చిన్న స్వరమాలికను ముడివేసి, ఆ పాత్ర వచ్చినప్పుడల్లా, తలపుకు వచ్చినప్పుడల్లా దానిని వినిపిస్తారు. లైట్‌మోటీఫ్ అని దానికి పేరు. మన వీథినాటకంలో పాత్రప్రవేశానికి దరువు ఉండటం తెలిసినవారికి ఇది కొత్తగా తోచదు. అయితే దరువు ప్రవేశంతో ముగుస్తుంది. ఈ స్వరమాలిక పాత్రతోపాటు పెరుగుతుంది, వంగుతుంది, వేషం మార్చుకొంటుంది. కోర్న్‌గోల్డ్ దృష్టిలో చలనచిత్రం పాడనివారితో ఆడే సంగీతనాటకం. పుచ్చీని 'టోస్కా'ను మించిన చిత్రసంగీతం లేదని అతడు హాస్యంగా అనేవాడట. 'టోస్కా' పుట్టింది 1900లో. చిత్రాలకు అప్పటికి నోరే లేదు.

మొట్టమొదట పేర్లు తెరమీద పడుతుండగా వినబడే వనవీరుల నడకను తీసుకొందాము. సైనికుల కవాతువలె ఉంటుంది గాని, అందులో పళ్ళు కొరికే పౌరుషం లేదు. కొంటెతనం ఉన్నది. అడవిలో పెరిగినవాని నడక అది. దీని పూర్వచరిత్ర వినదగినది. 1929లో, లియో ఫాల్ అనే స్వరకర్త అసంపూర్ణంగా వదలి చనిపోయిన ఒక తేలికపాటి సంగీతనాటకాన్ని కోర్న్‌గోల్డ్ పూర్తిచేసినాడు. ఇంగ్లీషు విలుకాండ్ర ఈ నడక ఆ వియన్నా వినోదనాటకంలోనుంచి వచ్చినదే. ఇక పోరాటాల పట్టులలో వినబడే ఉద్ధృతమైన స్వరాలు చాలవరకు అతడు 1919లో వ్రాసి రిచర్డ్ స్ట్రాస్‌కు అంకితమిచ్చిన 'సుర్సుమ్ కోర్డా' అనే వాద్యరచనలోనివి. హృదయాలను పైకెత్తండని ఆ లాటిను మాటకు అర్థం. ఆనాడు వియన్నాలో దానికి ఆదరణ లభించలేదు. తాను తలయెత్తుకొన్న యౌవనంలో వ్రాసి, ఓడిపోయి, పెట్టెలో దాచిన ఆ స్వరాలను, నగరమే చేజారిపోతున్న రోజులలో తీసి ఒక స్వేచ్ఛావీరునికి తొడిగినాడు. తొందరపనిలో పాతసరుకు వాడుకొన్నాడనేవారున్నారు. నిజమే కావచ్చును. కాని వెతికి తీయుటకు పెట్టెలో ఇంకా ఎన్నో ఉండగా దీనినే ఏల తీసినాడన్న ప్రశ్నకు తొందర ఒక్కటే సమాధానం కాదు.

నాకు అన్నిటికంటె మిన్నగా తోచేది ప్రణయఘట్టం. నాటింగ్‌హామ్ కోటగోడ మీది తీగెలు పట్టుకొని రాబిన్ నాయిక మారియన్ గవాక్షం దగ్గరకు ఎక్కివస్తాడు. ఎర్రల్ ఫ్లిన్, ఒలీవియా డి హావిలండ్ ఆ పాత్రధారులు. వారి సంభాషణ సామాన్యమైనదే, కొంత పరిహాసం, కొంత బెట్టు. పరిహాసపు మాటల వెనుక వయొలిన్లు పరిహాసమాడవు. అవి సత్యం చెబుతూ ఉంటాయి. మారియన్ కాదన్న మాటను సంగీతం ఔనని అనువదిస్తుంది. స్వరమాలిక ఒక శ్రుతిలో ఎత్తుకొని, పై మెట్టును అందుకొనబోయి అందుకొనక, వేరొక శ్రుతిలోకి ఒరిగి అక్కడ విశ్రమిస్తుంది. గ్రహభేదం చేసి ఆధారషడ్జాన్ని మార్చినప్పుడు మన చెవికి కలిగే ఆశ్చర్యం వంటిదే ఇదీ. మరొక నేర్పు కూడ గమనింపదగినది. నటుల కంఠస్వరం ఏ స్థాయిలో పలుకుతున్నదో చూచి, దానికి అడ్డురాకుండ వాద్యాలను క్రిందనో పైననో నడిపించటం అతని పద్ధతి. గాయకుని గొంతు తెలిసిన పక్కవాద్యకాడు చేసే పని ఇదే గదా! ఇన్నాళ్ళు సంగీతనాటకశాలలో గాయకులకు ఊపిరి విడిచే చోటు చూచి వ్రాసినవాడు గనుక ఇది అతనికి వెన్నతో పెట్టిన విద్య అయినది.

దీనికి ముందే అడవిలో ఒక ఘట్టమున్నది. విందు మధ్యలో రాబిన్ మారియన్‌ను ప్రక్కకు తీసుకొనిపోయి, నార్మను అధికారుల చేత ఇండ్లు వాకిండ్లు పోగొట్టుకొని తన చాటున తలదాచుకొన్న సాక్సన్ బీదలను చూపుతాడు. అంతవరకు గంతులువేసిన వాద్యబృందం ఒక్కసారి తలవంచుకొంటుంది. చిత్రంలో ఆ ఘట్టం క్షణకాలమే. ఇల్లు జప్తయినదని వార్త విన్నవాడు కూర్చిన సంగీతమని తెలిస్తే ఆ క్షణం కొంచెం దీర్ఘమవుతుంది.

లోపాలు లేవా? ఉన్నవి. విందుఘట్టంలో షేర్‌వుడ్ అడవి మరీ వియన్నా తోటలాగా తూగుతుంది. వీరులు పందిమాంసం తింటున్నారో, డాన్యూబు తీరాన కాఫీ త్రాగుతున్నారో తెలియదు. కడపటి కత్తియుద్ధంలో స్తంభం మీద నీడలు పోరాడే అద్భుతమైన దృశ్యమొకటి ఉన్నది. అక్కడ ఒక్క అరనిమిషం ఉక్కు చప్పుడుకే విడిచిపెట్టి ఉంటే బాగుండేదని నాకు తోస్తుంది. తంబురా శ్రుతిలో రెండు కీర్తనల మధ్య మౌనాన్ని కూడ సంగీతంగా వినుటకు అలవాటుపడిన మన చెవికి, హాలీవుడ్ వాద్యబృందం ఊపిరి పీల్చుకోనివ్వకపోవటం అప్పుడప్పుడు అలసట కలిగిస్తుంది.

చరిత్ర చదివినవారు ఇంకొక ఆక్షేపణ తెస్తారు. పన్నెండవ శతాబ్దపు ఇంగ్లండులో ఇంత వాద్యబృందం ఎక్కడిది? ఇందులో సగం వాద్యాలు అప్పటికి పుట్టనే లేదు. కావలసివస్తే నాటి సంగీతం లేకపోలేదు. రిచర్డు బందీగా ఉండి రచించినదని చెప్పే ఒక పాట స్వరంతో సహా నేటికీ నిలిచి ఉన్నది. బ్లాండెల్ అనే గాయకుడు కోట కోట తిరిగి పాడగా, రాజు లోపలినుంచి తరువాతి చరణం అందుకొన్నాడనీ, అట్లా అతని జాడ తెలిసినదనీ ఒక కట్టుకథ కూడ ప్రసిద్ధం. అటువంటి పాతపాటలనే ఏరి వాడవచ్చును గదా?

కోర్న్‌గోల్డ్ అటువంటిది ఒకటి వాడినాడు. రాబిన్‌ను మొదటిసారి కలిసే ముందు లిటిల్ జాన్ ఈలవేసే స్వరం 'సుమెర్ ఇస్ ఇకుమెన్ ఇన్' అనే ప్రాచీనమైన ఇంగ్లీషు వసంతగీతానిది. దానినే వాద్యసంగీతంలోనూ అక్కడక్కడ పొదిగినాడు. అయితే అది పదమూడవ శతాబ్దపు పాట. రిచర్డు నాటికి అదీ భవిష్యత్తే!

నా దృష్టిలో అసలు సమాధానం వేరు. రాబిన్ హుడ్ కథ పన్నెండవ శతాబ్దానిదే కాదు. అతనిని గూర్చి మనకు లభిస్తున్న పాత వీరగాథలు పదునైదవ శతాబ్దం నాటివి. వాటిలో రాజు పేరు ఎడ్వర్డు గాని రిచర్డు కాదు. రాబిన్‌ను రిచర్డు కాలానికి జరిపినది 1521లో జాన్ మేజర్ అనే స్కాట్లండు చరిత్రకారుడు. ఇక సాక్సనులకు, నార్మనులకు మధ్య ఈ వైరాన్ని రాబిన్ కథకు వెన్నెముకగా చేసినది సర్ వాల్టర్ స్కాట్ 1819లో వెలువరించిన 'ఐవాన్‌హో' నవల. అంటే మనం తెరమీద చూచే షేర్‌వుడ్ అడవి పందొమ్మిదో శతాబ్దపు భావప్రధాన సాహిత్యం నాటిన అడవి. అందులో పందొమ్మిదో శతాబ్దపు భావప్రధాన సంగీతం పలకటం కంటె సహజమైనది ఏమున్నది? కాలిఫోర్నియాలోని చీకో పట్టణపు ఉద్యానవనమే షేర్‌వుడ్‌గా నటించిన చిత్రంలో, నిజంగా తన చోటున ఉన్నది ఈ సంగీతమొక్కటే అనవచ్చును. మన తెలుగు రంగస్థలం మీద శ్రీకృష్ణుడు ఐరోపా నుంచి వచ్చిన హార్మోనియం శ్రుతిలో రాయబారపు పద్యాలు పాడుతుంటే, ద్వాపరయుగంలో హార్మోనియం ఉన్నదా అని ఎవరూ లేచి అడగలేదు.

చిత్రం విడుదలయిన ఆ 1938 మే నెలలోనే, 11వ తేదీన, ఈ సంగీతం రేడియోలో ప్రసారమైనది. కోర్న్‌గోల్డ్ స్వయంగా బృందాన్ని నడిపించగా, బాసిల్ రాత్‌బోన్ కథ చెప్పినాడు. చిత్రంలో దుష్టుడైన గిస్బర్న్ వేషధారి ఇతడే. రాబిన్ కత్తికి కూలినవాడే రాబిన్ కీర్తిని గానం చేసినాడన్న మాట. ఆ ప్రసారపు ముద్రణ నేటికీ లభిస్తున్నది. చిత్రసంగీతాన్ని బొమ్మ లేకుండ, ఒక కచేరీగా, ఇంటింటా వినిపించటం అప్పటికి చాల కొత్త. కోర్న్‌గోల్డ్ తరువాత దీనిని నాలుగు భాగాల వాద్యగుచ్ఛంగా కూర్చినాడు: ప్రాచీన ఇంగ్లండు, రాబిన్ హుడ్ వనవీరులు, ప్రణయఘట్టం, యుద్ధ విజయ భరతవాక్యాలు. మొదటిసారి వినేవారు మూడవదానితో మొదలుపెట్టవలెనని నా మనవి.

1939 ఫిబ్రవరిలో ఆస్కార్ బహుమానం వచ్చినది. నియమం మారి, స్వరకర్త చేతికే దానిని అందించుట ఆ యేటితోనే ఆరంభం. అదే సంవత్సరం అతడు 'ది ప్రైవేట్ లైవ్స్ ఆఫ్ ఎలిజబెత్ అండ్ ఎసెక్స్', 1940లో 'ది సీ హాక్' చిత్రాలకు సంగీతం కూర్చినాడు. హిట్లరు తొలగేవరకు కచేరీవేదికకు ఏమీ వ్రాయనని నిశ్చయించుకొని, ఆ యుద్ధకాలమంతా సినిమాలతోనే కుటుంబాన్ని పోషించినాడు. వియన్నాలో నిలిచిపోయిన 'డీ కాట్రిన్' 1939లో స్టాక్‌హోమ్‌లో ప్రదర్శింపబడి ఊరుకొన్నది.

యుద్ధం ముగిసినది. సినిమాకు వ్రాసిన స్వరాలనే మూలధాతువులుగా తీసుకొని అతడొక వయొలిన్ కన్చెర్టో రచించి, మాలర్ భార్య ఆల్మాకు అంకితమిచ్చినాడు. 1947 ఫిబ్రవరి 15న సెయింట్ లూయిస్‌లో యాషా హైఫెట్స్ దానిని మొదటిసారి వాయించినాడు. శ్రోతలు చప్పట్లు కొట్టినారు. న్యూయార్కు విమర్శకుడొకడు స్వరకర్త పేరును రెండు ముక్కలు చేసి, బంగారం తక్కువ, ధాన్యమెక్కువ అని శ్లేషించినాడు. ఆంగ్లంలో ఆ ధాన్యపు మాటకు చవుకబారు భావుకత అనే అర్థమూ ఉన్నది. చిత్రానికి వ్రాసినవాడు కచేరీకి పనికిరాడన్న ముద్రను ఈ ఒక్క శ్లేష గట్టిగా కొట్టివేసినది. వెనుక అదే బృందనాయకులు అతని ముందు వేచి ఉండేవారన్న సంగతి ఎవరికీ జ్ఞాపకం రాలేదు.

1949లో వియన్నాకు తిరిగి వెళ్ళినాడు. నగరం ఉన్నది, తన నగరం లేదు. 1950లో అక్కడ 'డీ కాట్రిన్' ప్రదర్శింపబడి విఫలమైనది. రూజ్వెల్టు స్మృతికి అంకితమిచ్చిన అతని సింఫనీ 1954 అక్టోబరు 17న వియన్నాలో మొదటిసారి వినబడినది. దాని మందగమన భాగంలో ఎలిజబెత్, ఎసెక్స్ చిత్రస్వరాలు ఉన్నవి. బృందం తగినంతగా తయారుకాలేదు. ఆ వాదనాన్ని ప్రసారం చేయవద్దని ఆస్ట్రియా రేడియోవారిని స్వరకర్తే వేడుకొన్నాడు. ప్రసారశాలలో పనిచేసేవారికి ఇటువంటి విన్నపం వినటం ఎంత కష్టమో తెలుసును. తన రచన వినిపించుమని కోరేవారు వేయిమంది. వినిపించవద్దని కోరవలసి వచ్చినవాని దుఃఖం వేరు. 1957 నవంబరు 29న, అరువదేండ్ల వయస్సున, తన పేరు మరుగున పడిపోయినదన్న నమ్మకంతోనే అతడు హాలీవుడ్‌లో కన్నుమూసినాడు.

పదునైదేండ్లకు గాని గాలి తిరుగలేదు. 1972లో లండనులో చార్లెస్ గెర్హార్ట్ నాయకత్వాన అతని చిత్రసంగీతం గ్రామఫోను రికార్డుగా వెలువడినది. దాని నిర్మాత, 1938లో తండ్రి వెంట ఓడ ఎక్కిన ఆ చిన్న కుమారుడు జార్జి. అది విపరీతంగా అమ్ముడుపోయినది. సింఫనీని ఆ యేడే మ్యూనిక్‌లో రుడాల్ఫ్ కెంపె తిరిగి లేవనెత్తినాడు. చవుకబారు అనిపించుకొన్న కన్చెర్టో ఈనాడు ప్రపంచంలోని పెద్ద వయొలినిస్టులందరి చేతి క్రింద ఉన్నది. 1977లో 'స్టార్ వార్స్' చిత్రానికి జాన్ విలియమ్స్ కూర్చిన ట్రంపెట్ల పిలుపు విన్నవారికి, ఆ పిలుపు ఏ అడవినుంచి వచ్చినదో గుర్తుపట్టుట కష్టం కాదు.

కోర్న్‌గోల్డ్ సమాధి హాలీవుడ్‌లోనే ఉన్నది. 1922లో తీసిన మూగచిత్రంలో రాబిన్ హుడ్ వేషం కట్టి లోకమంతటినీ మెప్పించిన డగ్లస్ ఫెయిర్‌బాంక్స్ సమాధి కూడ ఆ స్మశానవాటికలోనే ఉన్నది.